మహర్షి కుమారుడు

బిడ్డను ఐదేండ్లవఱకు లాలింపవలెననియు, పిమ్మట పదేండ్లు దండింపవలెననియు, పదునాఱవయేడు రాగానే మిత్రునివలె చూడవలెననియు బోధించు నీతివాక్యమొకటి మన దేశమున చిరకాలముగ వ్యాప్తియందున్నది. నడిమి పదేండ్లకు ఆ వాక్యము చెప్పు ఉపాయము దండన యొక్కటియే. కాని ఆ పదేండ్లలోనే గదా బిడ్డ యింటి గడప దాటి లోకమును చూచుట! తాను దేనికి సమర్థుడో, దేనికి కాడో అప్పుడే లెక్కవేసికొనును. తోడివారి కన్నులలో తన విలువను వెదకికొనును. తానెందుకును కొఱగానివాడననెడి భావము ఎనిమిది, తొమ్మిదియేండ్ల ప్రాయమున నాటుకొన్నచో దానిని తరువాత పెఱికివేయుట మిక్కిలి కష్టము. వంగదేశమున ఒక బాలునికి అట్టి భావము కలుగుటకు కావలసిన పరిస్థితులన్నియు సమకూడియుండెను. ఆతడే అనంతరకాలమున విశ్వకవియని కొనియాడబడిన రవీంద్రనాథ ఠాకూరు.

రవీంద్రుడు 1861వ సంవత్సరము మే 7వ తేదీన కలకత్తా నగరమునందలి జోడాసాంకోలో ఠాకూరుల భవనమున జన్మించెను. తండ్రి దేవేంద్రనాథులు బ్రాహ్మసమాజమునకు మూలస్తంభము. ప్రజలాయనను మహర్షియని పిలుచుచుండిరి. పితామహుడగు ద్వారకానాథుడు 1846లో లండనునందు గతించినప్పుడు మిగిల్చిన ఋణభారమును దేవేంద్రనాథులు తమ శిరస్సున ధరించి, సుఖములను తగ్గించుకొని, కాలక్రమమున తీర్చివేసిరి. తల్లి శారదాదేవి. ఆమె బిడ్డలలో రవీంద్రుడు పదునాలుగవవాడు. అతని తరువాత పుట్టిన శిశువు జీవింపకపోవుటచే ఆ యింటికి కనిష్ఠుడును ఆతడే.

అది జనసమృద్ధిగల మహాగృహము. కొడుకులు, కోడండ్రు, కూతుండ్రు, అల్లుండ్రు, మనుమలు, ఆశ్రితులు, గాయకులు, పండితులు, వచ్చిపోవు అతిథులు. ఇందఱి నడుమ ఒక చిన్న బిడ్డ ఒంటరివాడగుట వింతగా తోచవచ్చును. కాని పెద్ద కుటుంబములలో ఇది తఱచుగ జరుగునదే. మహర్షి సంవత్సరములో అధికభాగము హిమాలయప్రాంతములందు ధ్యానములో గడుపుచుండిరి. తల్లి అంతఃపురమున నుండెను. వెలుపలి భాగమున పెరుగు మగపిల్లలకు అచటికి పోవు అవకాశము అరుదు. రవీంద్రుడును, అతనికంటె రెండేండ్లు పెద్దవారగు అన్న సోమేంద్రుడును, మేనల్లుడు సత్యప్రసాదుడును సేవకుల పాలనలో పెరిగిరి. ఆ పాలనను రవీంద్రుడు పెద్దవాడైన తరువాత ఢిల్లీనేలిన బానిసరాజుల పాలనతో పోల్చి నవ్వుకొనెను. నవ్వు పిమ్మట వచ్చినది. ఆనాడు నవ్వునకు చోటులేదు.

భోగభాగ్యములుగల యింటి బిడ్డయైనను ఆతనికి జరుగుబాటు స్వల్పమే. పదేండ్లు నిండువఱకు మేజోళ్ళు ఎఱుగడు. చలికాలమున నూలు చొక్కాపై మఱియొక నూలు చొక్కా తొడిగినచో చాలుననుకొనెడివారు. పిల్లల పాలలోను, ఫలాహారములోను సేవకుడు తన భాగము తీసికొనుచుండెను. వీనివలన బాలునికి హాని కలుగలేదు. హాని కలుగదగినది వేఱొకటి. శ్యాముడను సేవకుడు తన పని సులభమగుటకై బాలుని ఒకచోట కూర్చుండబెట్టి, చుట్టును సుద్దముక్కతో గీత గీసి, అది దాటినచో మహాపాయము కలుగునని బెదరించి పోవుచుండెను. గీత దాటి సీత పడిన కష్టములను రామాయణమున వినియున్న బాలుడు ఆ మాటను శంకింపలేదు. గంటలకొలది ఆ వలయములోనే కూర్చుండెడివాడు.

అదృష్టవశమున ఆ గీత ఒక కిటికీ చెంతనుండెను. క్రింద మెట్లుకట్టిన కొలను. గట్టున ఊడలు దిగిన పెద్ద మఱ్ఱిచెట్టు. ఇంకొకవైపున కొబ్బరిచెట్ల వరుస. ఇరుగుపొరుగువారు ఒకరొకరుగ స్నానమునకు వచ్చుచుండిరి. ఎవరు ఏవేళకు వత్తురో, ఎవరు చెవులు మూసికొని మునుగుదురో, ఎవరు మెట్టుపైనుండి దభాలున దుముకుదురో, ఎవరు మంత్రములు గొణుగుచు తొందరపడుదురో ఆ బాలునికి కంఠస్థమయ్యెను. మధ్యాహ్నము కొలను నిర్మానుష్యమైనప్పుడు మఱ్ఱి మొదటనున్న చీకటి అతని మనస్సును పట్టుకొనెడిది. చేతులు కాళ్ళు బంధింపబడిన బిడ్డకు చూపు మాత్రము మిగిలెను. ఆ చూపే కవిని చేసినదని చెప్పుట తేలిక. అట్టి వలయములలో కూర్చుండి కవులు కాక, కేవలము పిఱికివారైపోయిన పిల్లల లెక్క ఎవరును వ్రాయలేదు.

బడికి పంపుమని ఆ బాలుడు తానే యేడ్చెను. అన్నయు సత్యప్రసాదుడును బండియెక్కి పోవుచుండగా తానొక్కడు ఇంట మిగులుట అతనికి దుర్భరమయ్యెను. అప్పుడు గృహోపాధ్యాయుడు ఒక చెంపదెబ్బ కొట్టి, ఇప్పుడు బడికై యేడ్చువాడు బడి విడుచుటకై ఇంతకుమించి యేడ్వవలసియుండునని హెచ్చరించెనట. ఆ జోస్యము ఫలించెను. ఓరియంటల్ సెమినరీలో చేరిన పిమ్మట పాఠము ఒప్పజెప్పలేని పిల్లవానిని బల్లపై నిలువబెట్టి, చాచిన చేతులపై పలకలు పేర్చుట చూచెను. తరువాత చేరిన నార్మల్ స్కూలులో ఒక ఉపాధ్యాయుడు పిల్లలను నీచమైన మాటలతో తిట్టుచుండెను. రవీంద్రుడు అతని ప్రశ్నలకు ఉత్తరమిచ్చుటయే మానివేసి, సంవత్సరము పొడవున తరగతి చివర మౌనముగ కూర్చుండెను. సంవత్సరాంతమున మధుసూదన వాచస్పతి వంగభాషలో పరీక్షింపగా ఆ బాలునికే అందఱికంటె ఎక్కువ గుణములు వచ్చెను. ఉపాధ్యాయుడు నమ్మలేక పక్షపాతమని ఫిర్యాదు చేసెను. అధికారి చెంత కూర్చుండగా మరల పరీక్ష జరిగెను. మరల అతడే ప్రథముడయ్యెను.

ఈ కాలమున ఆ బాలుడు ఇంటియొద్ద ఆడుకొనిన ఆట యొకటి తెలిసికొనదగినది. వసారాలోని కొయ్యకటకటాలు అతని శిష్యులు. చేత బెత్తము పట్టి వానికి తానే ఉపాధ్యాయుడగును. కొన్ని కొయ్యలు బుద్ధిమంతులు, కొన్ని మొద్దులు. మొద్దులకు పడిన దెబ్బలకు అంతులేదు. దెబ్బలచే అవి ఎంత వికారమైన, కోపము అంత హెచ్చెడిది. బడిలో చెప్పిన పాఠములు తలకెక్కలేదు గాని, చెప్పువారి అసహనమును, పక్షపాతమును అతడు ఇట్టే నేర్చుకొనెను. ఆ శిష్యులు ప్రాణములేని కొయ్యలగుట మేలయ్యెనని పెద్దవాడైన తరువాత అతడే తలపోసెను.

అయినను ఒక్కచోట మాత్రము అతనికి తన చేతులపై తనకు నమ్మకము కలిగెను. ఏడెనిమిదేండ్ల ప్రాయమున, తనకంటె చాల పెద్దవాడగు జ్యోతిప్రకాశుడను బంధువు పదునాలుగక్షరముల పయారు ఛందస్సు నడకను చూపి, పద్యము వ్రాయుమని ప్రోత్సహించెను. పద్యమనునది మానవులు వ్రాయదగినదే అని తెలియుట ఆ బాలునికి అద్భుతముగ తోచెను. నీలిరంగు కాగితముల పుస్తకమొకటి సంపాదించి వ్రాయనారంభించెను. అన్న సోమేంద్రుడు ఆ పద్యములకు ప్రచారకుడై, దొరికినవారినెల్ల నిలిపి వినిపించుచుండెను. రెండేండ్ల పెద్దవాడు తమ్ముని కీర్తికి అసూయపడక, దానిని తన కీర్తివలె మోసికొని తిరుగుట ఆ వయస్సులో సామాన్యమైన విషయము కాదు. తమ్ముని చరిత్రలో ఈ అన్న పేరు ఒక మూల మాత్రమే కనబడుట కొంత అన్యాయమే.

ఇక తండ్రి. ఆయన అప్పుడప్పుడు అకస్మాత్తుగ వచ్చి, ఇల్లంతయు నిశ్శబ్దము చేసి, మరల పోయెడివారు. ఒకమాఱు రష్యావారు దండెత్తి వచ్చుచున్నారను వదంతి కలకత్తాలో లేచెను. హిమాలయములలోనున్న భర్తకు ఏమి అపాయమో అని శారదాదేవి భయపడెను. పెద్దలెవరును లక్ష్యపెట్టకపోగా చిన్న కుమారునిచే జాబు వ్రాయించెను. జాబు వ్రాయు మర్యాద తెలియని బాలుడు జమీ కచ్చేరిలోని మహానందుడను గుమాస్తాను ఆశ్రయించెను. తండ్రివద్దనుండి ఉత్తరము వచ్చెను. రష్యావారు వచ్చినచో తామే వారిని తరిమివేయుదుమని, భయపడవలదని అందు వ్రాసియుండెను. తల్లి భయము తీరినదో లేదో గాని కుమారుని భయము తీరెను. తండ్రికి జాబు వ్రాయవచ్చునని తెలిసికొన్న ఆ బాలుడు నాటినుండి ప్రతిదినము కచ్చేరికి పోయి మహానందుని వేధింపసాగెను. అతడును కొన్నాళ్ళు వ్రాసియిచ్చెను. కాని ఆ జాబులకు తపాలా ఖర్చు ఎవరిత్తురు? అవి మహానందుని చేతినుండి హిమాలయముల వఱకు పోలేదు.

1873వ సంవత్సరారంభమున మహర్షి ఇంటికి వచ్చి, ముగ్గురు బాలురకును వేదమంత్రములతో ఉపనయనము చేయించిరి. మూడుదినములు వారు మేడమీది గదిలో బ్రహ్మచారులై యుండిరి. గాయత్రీమంత్రార్థము పదునొకండేండ్ల బాలునికి పూర్తిగ బోధపడుట యెట్లు? కాని జపించుచుండగా ఒకనాడు కారణము తెలియకయే కన్నుల నీరు కాఱెనని అతడు జ్ఞాపకముంచుకొనెను. ఉపనయనము ముగియగానే ఒక లౌకికమైన చింత పట్టుకొనెను. అప్పుడతడు చదువుచున్న బెంగాల్ అకాడెమీలో ఆంగ్లో ఇండియను పిల్లలున్నారు. ఈ బోడితలతో వారి నడుమకు పోవుట యెట్లు? తోడివారి హాస్యమునకు భయపడుట ఆ ప్రాయమున ప్రాణభయముకంటె తక్కువది కాదు. అట్టి సమయమున తండ్రి పిలిచి, తమతో హిమాలయములకు వత్తువా అని యడిగిరి.

ఆజ్ఞాపింపలేదు, అడిగిరి. అప్పటివఱకు ఆ బాలుని ఇష్టమేమని అడిగినవారు లేరు.

ప్రయాణమునకై మొదటిసారి అతనికి నిండుదుస్తులు కుట్టించిరి. బంగారుజరీగల మఖమలు టోపీయును వచ్చెను. బోడితలపై ఆ టోపీ పెట్టుకొనుటకు సిగ్గుపడి తీసివేయుచుండగా తండ్రి చూపు పడగానే మరల తలపైకి చేరుచుండెను. మహర్షి క్రమశిక్షణలో సడలింపెఱుగనివారు. ఏ వస్తువు ఎచట నుండవలెనో, ఏ పని ఎవరు ఏవేళకు చేయవలెనో ముందుగనే నిశ్చయించెడివారు. ఆయన బిడ్డకు ఇచ్చిన స్వేచ్ఛను అశ్రద్ధయని భ్రమపడరాదు.

మొదటి మజిలీ బోల్పూరు. అచట 1863లో మహర్షి కొంత భూమి తీసికొని శాంతినికేతనమను గృహము కట్టించియుండిరి. ఆ బయలులో బాలుడు యథేచ్ఛగా తిరుగవచ్చును. కూడ సేవకుడు లేడు, గీత లేదు. వానలకు ఒరిసి ఇసుకనేలలో ఏర్పడిన కోవలలో దిగి, రంగురాళ్ళు ఏరి చొక్కా చెఱగున మూటగట్టి తెచ్చి తండ్రి ముందు పోసెను. మహర్షి వానిని త్రోసివేయలేదు. తాము ఉపాసనకు కూర్చుండు దిబ్బను ఆ రాళ్ళతో అలంకరింపుమనిరి. ఒక గుంటలో తేటనీటి ఊట కనిపెట్టి చెప్పగా, తమకు నీరు అచటినుండియే తెప్పింప నేర్పాటు చేసిరి. భగవద్గీతలో తమకు ప్రియమైన శ్లోకములకు గుఱుతులు పెట్టి, అనువాదముతో సహా వ్రాసియిమ్మని కుమారుని కోరిరి. ఇంటిలో లెక్కకురాని బిడ్డకు ఇట్లు ఒక్కొక్కటిగ పనులు లభించెను.

అంతటితో ఆగలేదు. చిల్లరడబ్బు బాలుని స్వాధీనముచేసి జమాఖర్చులు వ్రాయుమనిరి. తమ విలువైన బంగారు గడియారమునకు ప్రతిదినము తాళమిచ్చు పనియును ఒప్పగించిరి. బాలుని శ్రద్ధకు మేరలేదు; గడియారమునకు అతడిచ్చిన తాళము ఎంత గట్టిదనగా, కొద్దిదినములకే దానిని మరమ్మతునకై కలకత్తాకు పంపవలసివచ్చెను. మహర్షి మందలింపలేదు. లెక్కలును సరిపోయెడివి కావు. ఒకనాడు నిలువ ఉండవలసినదానికంటె ఎక్కువ తేలగా, నీచేతిలో డబ్బు పెరుగుచున్నది గనుక నిన్నే కోశాధికారిగ పెట్టుకొందుమని మహర్షి పరిహసించిరి. చిల్లర తగ్గినను, గడియారము చెడినను కలుగు నష్టము ఆయన ఎఱుగనిది కాదు. నష్టమునకు వెఱచి అప్పగింపకున్నచో బిడ్డకు బాధ్యత అలవడుట ఎట్లో ఆయనకు దోచలేదు కాబోలు.

అమృతసరము పోవు దారిలో ఒక పెద్ద స్టేషనున టిక్కెట్టు పరీక్షించు ఉద్యోగి బాలుని అరటిక్కెట్టు చూచి సందేహించెను. పన్నెండేండ్లు నిండలేదని మహర్షి చెప్పినను, బాలుడు వయస్సునకు మించి ఎదిగియుండుటచే, తుదకు స్టేషనుమాస్టరే వచ్చి పూర్తి రుసుము కోరెను. మహర్షి కన్నులు ఎఱ్ఱవడెను. మాటాడక నోటు తీసియిచ్చి, అతడు తిరిగియిచ్చిన చిల్లరను తిరస్కారముతో వేదికపైకి విసరివైచిరి. కొద్దిపాటి సొమ్మునకై ఆయన అసత్యమాడునని శంకించితినే అని స్టేషనుమాస్టరు తలవంచుకొని పోయెను. సత్యమును గూర్చి ఆ బాలునికి ఎన్ని పాఠములు చెప్పినను ఇంతగా నాటియుండవు.

అమృతసరమున సుమారొక నెల నిలిచిరి. స్వర్ణమందిరములో మహర్షి సిక్కుభక్తుల నడుమ కూర్చుండి వారి కీర్తనలలో తమ గొంతు కలుపుట బాలుడు చూచెను. సాయంసమయములందు వసారాలో వెన్నెల పడుచుండగా మహర్షి కుమారుని పిలిచి పాడించుకొని, తల వంచి, చేతులు జోడించి వినెడివారు. తండ్రి తనముందు అట్లు కూర్చుండుట చూచిన కొడుకునకు తన కంఠముపై కలుగు గౌరవము ఏ బహుమానమువలనను కలుగదు.

పిదప డల్‌హౌసీ సమీపమున బక్రోటా కొండ. ఇంకను చీకటియుండగానే తండ్రి లేపి సంస్కృత శబ్దరూపములు వల్లెవేయించెడివారు. సూర్యోదయమున ఉపనిషన్మంత్రములతో ఉపాసన, పిమ్మట మంచువంటి నీటితో స్నానము. ఇందు తప్పించుకొనుటకు వీలులేదు. రాత్రులందు నక్షత్రములను చూపి, వాని దూరములను, గతులను వివరించెడివారు. విన్నదానిని బాలుడు వంగభాషలో వ్రాసికొనుచుండెను. మధ్యాహ్నము మాత్రము అతని సొత్తు. ఇనుపమొనగల కఱ్ఱ చేతబూని దేవదారు వనములలో ఒక శిఖరమునుండి మఱియొక శిఖరమునకు ఒంటరిగ తిరిగెడివాడు. లోయలో జారిపడునేమో అను భయము ఏ తండ్రికైనను కలుగును. మహర్షి ఒక్కనాడును వలదనలేదు. అభిప్రాయములందును అంతే. కుమారుడు తమకు నచ్చని మాట పలికినను గద్దింపక, సత్యమును అతడే కనుగొనువఱకు వేచియుండెడివారు. శ్యాముడు గీసిన వలయము ఈ విధముగ చెరిగిపోయెను.

కొన్ని నెలల పిమ్మట తండ్రి అచటనే నిలిచి, కుమారుని సేవకునితో ఇంటికి పంపిరి. పోయినవాడు వేఱు, వచ్చినవాడు వేఱు. అంతఃపురపు తలుపులు తెఱచుకొనెను. సాయంకాలము మేడపై తల్లి కొలువులో అతడే ముఖ్యవక్త. వాల్మీకి శ్లోకములను తాను చదువగలనని చెప్పగా తల్లి పొంగిపోయి, పెద్దకుమారుడగు ద్విజేంద్రనాథుని పిలిపించి వినుమనెను. పాఠము సగము మఱచియున్న బాలుని గుండె జల్లుమనెను. ద్విజేంద్రుడు తన రచనలో మునిగియుండి, రెండు శ్లోకములు విని, బాగున్నదని చెప్పి వెడలిపోయెను; గండము గడచెను.

కాని ఈ కథ పాఠశాలలో విజయముగ పరిణమింపలేదు. కొండపై స్వేచ్ఛ చవిచూచినవానికి తరగతి గోడలు మఱింత ఇరుకయ్యెను. బెంగాల్ అకాడెమీయును, తరువాత సెంట్ జేవియర్ విద్యాలయమును అతనిని నిలుపుకొనలేకపోయెను. అన్నలు మందలించుటయు మానిరి. రవి మనిషియగునను ఆశ పోయినదని పెద్దక్కగారు బహిరంగముగనే వగచెను. సెంట్ జేవియర్‌లో అతని మనస్సున నిలిచినవాడు ఒక్కడే: డి పెనెరాండా అను స్పెయిను దేశపు పాదిరి. వ్రాతపని చేయక శూన్యముగ చూచుచున్న బాలుని వెనుక నిలిచి, భుజముపై చేయివేసి, ఒంట్లో బాగుగ లేదా అని ప్రేమతో అడిగెను. అంతే. అరువదేండ్లు వచ్చినను మఱువదగిన మాట కాదు.

1875 మార్చి నెలలో శారదాదేవి గతించెను. రవీంద్రునికి పదునాలుగేండ్లు నిండలేదు. శ్మశానమునుండి తిరిగివచ్చునప్పుడుగాని, ఇక ఆమె ఈ గుమ్మము దాటి తన స్థానమునకు రాదని అతనికి తోచలేదు. జ్యోతిరింద్రనాథుని భార్య కాదంబరీదేవి, తానును పదునైదేండ్ల బాలికయే, తల్లిలేని ఆ పిల్లలను తన చెంత చేర్చుకొని అన్నము పెట్టెను. జ్యోతిరింద్రుడు పండ్రెండేండ్లు పెద్దవాడైనను తమ్ముని సంగీతమునను, సాహిత్యమునను సమానునిగ చూచెను. తండ్రి కొండపై ప్రారంభించిన పనిని ఆ దంపతులు ఇంటిలో కొనసాగించిరి.

తరువాతి జీవితము లోకమెఱిగినది. 1878లో ఇంగ్లండు ప్రయాణము, 1883లో మృణాళినీదేవితో వివాహము, పద్మానదీతీరమున జమీవ్యవహారములు, 1913లో నోబెల్ బహుమానము, 1941 ఆగస్టు 7న జోడాసాంకో భవనముననే దేహత్యాగము. వీని నడుమ, 1901 డిసెంబరులో, తాను రంగురాళ్ళు ఏరిన ఆ బోల్పూరు బయలులోనే రవీంద్రుడు ఐదుగురు పిల్లలతో బ్రహ్మచర్యాశ్రమమును స్థాపించెను. వారిలో ఒకడు తన పెద్దకుమారుడగు రథీంద్రుడు. తరగతులు చెట్ల క్రింద జరిగెను. ధనము లేదు, భార్య నగలు విక్రయింపబడెను. 1902లో ఆమెయు, మఱుసటియేడు రెండవ కుమార్తెయు, 1905లో మహర్షియు వెడలిపోయిరి. 1907లో కనిష్ఠపుత్రుడు శమీంద్రుడు విషూచిచే మరణించెను. తండ్రి తనను కొండకు వత్తువా అని యడిగిననాటి తన ప్రాయమునకు ఆ బిడ్డ ఇంకను చేరనేలేదు. రవీంద్రుడు పాఠశాలను మూసివేయలేదు. మఱుసటి సంవత్సరము అచటి బాలురు ఆడుకొనుటకు శారదోత్సవమను నాటకము వ్రాసియిచ్చెను.

1912లో ‘డాకఘర్’ అను నాటకము వెలువడెను. అందు అమలుడను చిన్న బాలుడు వ్యాధిగ్రస్తుడై, గది దాటరాదను వైద్యుని ఆజ్ఞచే కిటికీచెంత కూర్చుండి, వీథిన పోవువారినెల్ల పలుకరించుచు, రాజుగారివద్దనుండి తనకొక జాబు వచ్చునని ఎదురుచూచుచుండును. 1917లో ఆ నాటకమును జోడాసాంకో భవనమునందలి విచిత్రా మందిరమున ప్రదర్శించిరి. కిటికీచెంతనున్న బాలునికి దూరదేశపు కొండలను, సెలయేళ్ళను గూర్చి కథలు చెప్పు తాత పాత్రను రవీంద్రుడే ధరించెను.